పేర్లు దొరకని మృతులు, తేలని నేరం: ఆర్మేనియన్లకు రెండు స్మృతి దినాలు ఎందుకు?

క్లుప్తంగా

జాతి హింసకు బలైనవారిని ఆర్మేనియా ఏటా రెండు రోజుల్లో స్మరించుకుంటుంది. ఏప్రిల్ 24న నేటి టర్కీకి ముందున్న ఒట్టోమన్ సామ్రాజ్యంలో 1915లో మొదలైన జాతిహననాన్ని, ఫిబ్రవరి 28న సోవియట్ అజర్‌బైజాన్‌లో 1988–90 మధ్య జరిగిన మూకదాడులను తలచుకుంటారు. మొదటి ఘటనలో ఏం జరిగిందో, ఎవరు చేయించారో చరిత్రకారులకు స్పష్టంగానే తెలుసు. దొరకనివి చనిపోయినవారి పేర్లు. రెండో ఘటనలో పేర్లు ఉన్నాయి, దాడుల వెనక ఎవరున్నారన్నది మాత్రం న్యాయస్థానంలో తేలలేదు. రెండుచోట్లా చట్టం చెయ్యని పనిని స్మారకమే మొయ్యాల్సి వచ్చింది. ఆర్మేనియన్ల స్మరణ మనకు ఒక్కోసారి సంతాపంలా, ఒక్కోసారి వాదనలా కనిపించడానికి కారణం అదే.

ఏప్రిల్ 24నే ఎందుకు

1915 ఏప్రిల్ 24 రాత్రి ఒట్టోమన్ రాజధాని కాన్‌స్టాంటినోపుల్‌లో (నేటి ఇస్తాంబుల్) పోలీసులు ఆర్మేనియన్ ప్రముఖుల ఇళ్ల తలుపులు తట్టారు. ఆదేశం హోంమంత్రి తలాత్‌ది. రచయితలు, పత్రికా సంపాదకులు, వైద్యులు, న్యాయవాదులు, మతగురువులు కలిపి మొదటి విడతలో 235 నుంచి 270 మంది వరకు పట్టుబడ్డారని అంచనా. వీళ్లను దేశం లోపల చాన్‌కిరి, అయాష్ పట్టణాలకు తరలించారు. ఎక్కువమంది తిరిగి రాలేదు. జానపద గీతాలు సేకరించి ఆర్మేనియన్ సంగీతానికి దారి చూపిన కొమితాస్ అనే మతగురువు వదిలిపెట్టిన కొద్దిమందిలో ఒకరు. ప్రాణం దక్కినా మనసు చెదిరిపోయింది. 1935లో పారిస్‌లో మరణించారు.

హత్యాకాండ ఆ రాత్రే మొదలవలేదు, ఆ రాత్రితో ఆగలేదు. అప్పటికే సైన్యంలోని ఆర్మేనియన్ల చేతుల్లోంచి ఆయుధాలు తీసుకుని వాళ్లను కూలి దళాల్లోకి మార్చారు. మే 27న తరలింపు చట్టం వచ్చింది. అమలు దాదాపు అన్నిచోట్లా ఒకే తీరుగా సాగింది. ఊరికి కొద్ది రోజుల గడువిస్తారు. మగవాళ్లను వేరుచేసి ఊరి పొలిమేరల్లోనే చంపుతారు. ఆడవాళ్లను, పిల్లలను, ముసలివాళ్లను కాలినడకన సిరియా ఎడారివైపు తోలుతారు. దారిలో ఆకలి, దాహం, అంటువ్యాధులు, ప్రత్యేక దళాల దాడులు. ఎడారి చేరినవాళ్లలోనూ వేలాదిమందిని 1916లో దేర్ ఎజ్జోర్ పరిసరాల్లో హతమార్చారు. చంపమని ప్రతి ఊరికీ రాతపూర్వక ఉత్తర్వు అక్కర్లేదు. తిండి, నీళ్లు, రక్షణ లేకుండా లక్షలమందిని ఎడారికి నడిపిస్తే ఫలితం ఏమిటో నడిపించినవాళ్లకు తెలుసు. ‘అది యుద్ధకాలపు తరలింపు మాత్రమే’ అనే వాదన నిలబడనిది ఇక్కడే.

చదువుకున్నవాళ్లను, నలుగురి తరఫున మాట్లాడగలవాళ్లను ముందు తొలగించిన రోజు కాబట్టి ఏప్రిల్ 24 గుర్తుగా నిలిచింది. మొదటి ప్రపంచ యుద్ధం ముగిశాక 1919లో ఇస్తాంబుల్‌లోనే, ప్రాణాలతో బయటపడినవాళ్లు ఆ రోజున తొలి సంస్మరణ జరిపారు.

అంకెల్లో ఇంత తేడా ఎందుకు

ఆరు లక్షలని ఒకచోట, పదిహేను లక్షలని మరోచోట చదివితే పాఠకుడికి అనుమానం రావడం సహజం. తేడా లెక్క మొదలుపెట్టే చోటే ఉంది. యుద్ధానికి ముందు సామ్రాజ్యంలో ఆర్మేనియన్లు 12–13 లక్షలని ఒట్టోమన్ జనగణన చెప్పింది. 19 నుంచి 21 లక్షలని ఆర్మేనియన్ మతపీఠం లెక్కగట్టింది. ఈ మొత్తంలోంచి బతికి బయటపడ్డవాళ్లను తీసెయ్యాలి. వాళ్ల లెక్కా గట్టిది కాదు. కాకసస్‌కు పారిపోయినవాళ్లు, సిరియా శిబిరాల్లో మిగిలినవాళ్లు, మతం మార్చి ముస్లిం కుటుంబాల్లో కలిపేసిన ఆడపిల్లలు, పసివాళ్లు ఎందరన్నది ఎవరూ కచ్చితంగా నమోదు చెయ్యలేదు. ఆర్మేనియా అధికారికంగా 15 లక్షలంటుంది. చాలామంది చరిత్రకారులు పది లక్షలకు అటూఇటూగా నిలుస్తారు. నేర స్వభావం మాత్రం ఈ తేడాతో మారదు. 1948 నాటి ఐక్యరాజ్యసమితి ఒడంబడిక జాతిహననానికి ఇచ్చిన నిర్వచనంలో సంఖ్యకు కనీస హద్దు లేదు. ఒక జాతిని పూర్తిగా గానీ పాక్షికంగా గానీ నాశనం చెయ్యాలన్న ఉద్దేశమే అందులో కీలకం.

సంఖ్యకంటే పెద్ద లోటు పేర్లది. యూదు మృతుల విషయంలో జెరూసలేంలోని యాద్ వాషెమ్ స్మారక సంస్థ దశాబ్దాలపాటు బంధువుల నుంచి సాక్ష్య పత్రాలు సేకరించి లక్షలాది పేర్లను నమోదు చెయ్యగలిగింది. అందుకు మూడు అనుకూలతలు ఉన్నాయి: జర్మన్ అధికారుల సొంత రికార్డులు విజేతల చేతికి చిక్కాయి, 1945–46లో నాజీ నేతలపై నూరెంబర్గ్ విచారణ జరిగింది, జర్మనీ నేరాన్ని ఒప్పుకుంది. ఆర్మేనియన్లకు ఈ మూడింటిలో ఏదీ పూర్తిగా దక్కలేదు. పుట్టుకలు, పెళ్లిళ్లు, చావులు రాసిపెట్టే చర్చి రిజిస్టర్లు చర్చిలతోపాటే కాలిపోయాయి. ఊళ్లకు ఊళ్లే పోయినచోట ‘మావాళ్లు ఫలానా’ అని చెప్పడానికి బంధువులే మిగల్లేదు.

న్యాయం దగ్గరదాకా వచ్చి వెనక్కి మళ్లిన తీరు

1919–20లో ఒట్టోమన్ ప్రభుత్వమే సైనిక న్యాయస్థానాలు పెట్టిందన్న సంగతి చాలామందికి తెలియదు. 1919 జులైలో తలాత్, యుద్ధకాలపు మంత్రులు ఎన్వర్, జెమాల్ తదితరులకు వాళ్ల పరోక్షంలోనే మరణశిక్ష పడింది. అప్పటికే వాళ్లు దేశం దాటేశారు. కిందిస్థాయి అధికారుల్లో ఉరి అమలైంది ముగ్గురికే. యుద్ధ విజేతలు ఒట్టోమన్లతో కుదుర్చుకున్న 1920 సెవ్ర్ ఒప్పందంలో హత్యాకాండ నిందితులను అప్పగించాలన్న నిబంధన ఉంది. ఆ ఒప్పందం అమల్లోకే రాలేదు. దాని స్థానంలో వచ్చిన 1923 లొసాన్ ఒప్పందంలో ఆర్మేనియన్ల ప్రస్తావన లేదు, పైగా క్షమాభిక్ష ప్రకటన జత చేశారు. 1921 మార్చిలో బెర్లిన్ నడివీధిలో తలాత్‌ను కాల్చి చంపిన ఆర్మేనియన్ యువకుడు సొగొమొన్ తెహ్లిరియన్‌ను జర్మన్ జ్యూరీ నిర్దోషిగా వదిలేసింది. చంపబడ్డ జాతి కథ ఒక కోర్టులో వివరంగా వినిపించిన సందర్భాల్లో అదొకటి. అదీ నిందితుడి బోనులోంచి.

స్మారకం కట్టిన తీరు

సోవియట్ ఆర్మేనియాలో దాదాపు నలభై ఐదేళ్లు ఈ విషయం బహిరంగంగా మాట్లాడేది కాదు. టర్కీతో సంబంధాలు, జాతీయవాదం తలెత్తుతుందన్న భయం రెండూ మాస్కోకు ఉన్నాయి. 1965 ఏప్రిల్ 24న రాజధాని యెరెవాన్ ఒపేరా భవనంలో అధికారిక సభ జరుగుతుండగా బయట దాదాపు లక్షమంది గుమిగూడారు. గుంపును చెదరగొట్టడానికి ఫైరింజన్ల నీళ్లు వాడారు. ఆ నిరసన తర్వాత ప్రభుత్వానికి రెండే దారులు మిగిలాయి: అణచడం, లేదా ఆ దుఃఖానికి అధికారికంగా ఒక చోటివ్వడం. ఆర్మేనియా కమ్యూనిస్టు పార్టీ మొదటి కార్యదర్శి యాకోవ్ జరోబ్యాన్ రెండోదాన్ని ముందుకు నడిపి మాస్కో ఆమోదం తెచ్చారు. మరుసటి ఏడాదే పదవి కోల్పోయారు. యెరెవాన్‌లోని సిట్సెర్నకబెర్డ్ కొండమీద స్మారకం 1967 నవంబర్ 29న తెరుచుకుంది. అది సోవియట్ ఆర్మేనియా ఏర్పడిన రోజు. సంతాపాన్ని సోవియట్ పండుగ తేదీకి ముడిపెట్టడం ఆనాటి రాజీ.

రూపకర్తలు అర్తూర్ తర్ఖాన్యాన్, సషూర్ కలష్యాన్. నిలువునా చీలినట్టున్న 44 మీటర్ల రాతి స్తంభం ఒకటి. పక్కనే వలయాకారంలో లోపలికి వంగిన పన్నెండు భారీ పలకలు. వాటి నడుమ నేలమట్టానికి మీటరున్నర లోతున ఆరని జ్యోతి. అక్కడికి దిగే మెట్లు నిటారుగా ఉంటాయి. చూసుకుని దిగాలంటే తల వంచక తప్పదు. కొండపై దారి వెంట వంద మీటర్ల గోడ ఉంటుంది. దానిమీద చెక్కినవి మనుషుల పేర్లు కాదు, ఊచకోత జరిగిన పట్టణాల, ఊళ్ల పేర్లు. పేర్ల జాబితా లేని జాతి కట్టుకోగలిగిన గోడ అది. అదే గోడ మరోవైపు, హత్యాకాండను లోకానికి చెప్పిన విదేశీయులను కూడా స్మరిస్తారు. అమెరికా రాయబారి హెన్రీ మోర్గెంథావ్, నిషేధాన్ని లెక్కచెయ్యకుండా శిబిరాలను ఫొటోలు తీసిన జర్మన్ సైనికోద్యోగి ఆర్మిన్ వెగ్నర్ వాళ్లలో ఉన్నారు.

మ్యూజియం 1995లో వచ్చింది. దాన్ని నేలలోపల కట్టారు, స్మారకాన్ని కప్పెయ్యకుండా.

ఏప్రిల్ 23 సాయంత్రం యువకులు కాగడాలతో నగరం మధ్య నుంచి ఊరేగింపుగా కొండవైపు సాగుతారు. మర్నాడు తెల్లవారినప్పటి నుంచి రాత్రిదాకా జనం నడిచి వస్తూనే ఉంటారు. ప్రతి మనిషీ జ్యోతి చుట్టూ ఒక పువ్వో గుత్తో పెట్టి ముందుకు కదలాలి, ఆగి నిలబడే వీలుండదు. సాయంత్రానికి పూలు మనిషి ఛాతీ ఎత్తుకు లేస్తాయి. కొన్ని రోజుల తర్వాత స్వచ్ఛంద కార్యకర్తలు రేకులను, కాడలను వేరుచేస్తారు. రేకులతో చేతి కాగితం తయారవుతుంది, కాడలు ఎరువవుతాయి. విదేశీ అతిథులు స్మారకం పక్కన మొక్క నాటే ఆనవాయితీ కూడా ఉంది.

నూరేళ్లు నిండిన సందర్భంగా 2015 ఏప్రిల్ 23న తన పీఠస్థానమైన ఎచ్‌మియాజిన్‌లో ఆర్మేనియన్ చర్చి మృతులందరినీ పునీతులుగా ప్రకటించింది. దీని ఆచరణాత్మక ఫలితాన్ని ఎక్కువమంది గమనించలేదు. అంతకుముందు వాళ్ల ఆత్మశాంతి కోసం ప్రార్థన చేసేవారు. పునీతులయ్యాక వాళ్ల కోసం కాదు, వాళ్లనే ప్రార్థించాలి. పేరు తెలియకపోయినా ప్రతి మృతుడికీ ఒక స్థానం దక్కించిన పద్ధతి ఇది.

ఫిబ్రవరి 28: పేర్లున్న మృతులు

సుమ్‌గాయిత్ అజర్‌బైజాన్ రాజధాని బాకూకు ముప్పై కిలోమీటర్ల దూరంలో, రసాయన కర్మాగారాల చుట్టూ పెరిగిన నగరం. ఇరుకు వసతి గృహాలు, పొగ, దూరప్రాంతాల నుంచి వచ్చిన కార్మికులు. వేల సంఖ్యలో ఆర్మేనియన్లూ అక్కడ ఉండేవారు. 1988 ఫిబ్రవరి 20న, అజర్‌బైజాన్‌లో ఉంటూ ఆర్మేనియన్లు ఎక్కువగా ఉన్న నాగోర్నో కరబాఖ్ ప్రాంతపు సోవియట్ (పాలక మండలి) తమను ఆర్మేనియాలో కలపాలని తీర్మానించింది. రెండు రోజులకు అస్కెరాన్ దగ్గర జరిగిన ఘర్షణలో ఇద్దరు అజర్‌బైజానీ యువకులు చనిపోయారు. 27న ఆ వార్తను, మృతుల జాతి చెబుతూ, ఒక ఉన్నత ప్రాసిక్యూటర్ ప్రసార మాధ్యమాల్లో ప్రకటించారు. అప్పటికే సుమ్‌గాయిత్‌లో రెండు రోజులుగా సభలు నడుస్తున్నాయి. ఆ సాయంత్రం నుంచి గుంపులు ఆర్మేనియన్ల ఇళ్లపై పడ్డాయి. హత్యలు, అత్యాచారాలు, దహనాలు 29 వరకు సాగాయి. సైన్యం ఆలస్యంగా వచ్చింది, వచ్చినప్పుడు కాల్పులకు అనుమతి లేదు. కొందరు అజర్‌బైజానీలు పొరుగు ఆర్మేనియన్లను తమ ఇళ్లలో దాచి కాపాడారు. ఈ విషయం చెప్పకుండా సుమ్‌గాయిత్ కథ చెబితే అది సగం కథే.

అధికారిక లెక్క ప్రకారం మృతులు 32 మంది: 26 మంది ఆర్మేనియన్లు, ఆరుగురు అజర్‌బైజానీలు. అసలు సంఖ్య ఇంకా ఎక్కువని ఆర్మేనియన్ వర్గాలు అంటాయి. విచారణలో జరిగిన పెద్ద లోపం ఏమిటంటే, కేసులను ముక్కలు చేసి వేర్వేరు నగరాల్లో నడిపారు. ఒక్కో నిందితుడిపై ఒక్కో నేరం. అలా విడగొట్టినప్పుడు ‘ఈ ఇంట్లో ఈ మనిషిని ఎవరు చంపారు’ అన్న ప్రశ్నకు జవాబు వస్తుంది. ‘గుంపులను ఎవరు పోగుచేశారు, పోలీసులు ఎందుకు కదల్లేదు’ అన్న ప్రశ్న ఏ కోర్టు ముందుకూ రాదు. ఆ ఖాళీలో నేటికీ రెండు పక్షాలూ తమతమ కుట్ర సిద్ధాంతాలు నింపుకుంటున్నాయి.

శిక్షలు ఆలస్యమై, కారణాలు తేలకపోవడం వల్ల హింస పునరావృతమైంది. 1988 నవంబర్‌లో కిరోవాబాద్‌లో (నేటి గంజా), 1990 జనవరి 13 నుంచి బాకూలో. బాకూలో దాదాపు తొంభై మంది ఆర్మేనియన్లు చనిపోయారు. మిగిలినవాళ్లను కాస్పియన్ సముద్రం మీదుగా పడవల్లో తరలించారు. అప్పటి చదరంగం ప్రపంచ విజేత గారీ కాస్పరోవ్ పుట్టి పెరిగింది బాకూలోనే, తల్లి ఆర్మేనియన్. ఆయన కుటుంబమూ అప్పుడే విమానంలో ఊరు విడిచింది. దాడులు చాలావరకు ముగిశాక, జనవరి 20న సోవియట్ సైన్యం బాకూలోకి దూసుకొచ్చి వందమందికి పైగా పౌరులను చంపింది. అజర్‌బైజాన్ సంతాపదినంగా పాటించేది దాన్ని. మొత్తంమీద మూడు లక్షలకు పైగా ఆర్మేనియన్లు అజర్‌బైజాన్‌ను, సుమారు రెండు లక్షల అజర్‌బైజానీలు ఆర్మేనియాను విడిచారు.

సుమ్‌గాయిత్, కిరోవాబాద్, బాకూ మృతుల కోసం సిట్సెర్నకబెర్డ్ ఆవరణలోనే ఖాచ్‌కార్లు నిలబెట్టారు. ఖాచ్‌కార్ అంటే శిలువ చెక్కిన నిలువురాయి, సాధారణంగా మీటరున్నర దాకా ఎత్తు. ఉలి, సుత్తితో చెక్కి సన్నటి ఇసుకతో నునుపు చేస్తారు. చెక్కేటప్పుడు పడ్డ చిన్న బీటలను బంకమట్టితో గానీ సున్నంతో గానీ పూడ్చి రంగు వేస్తారు. ఈ కళను యునెస్కో 2010లో తన జాబితాలో చేర్చింది. అజర్‌బైజాన్ పాలనలోని నఖ్‌చివాన్ ప్రాంతపు జుల్ఫా శ్మశానంలో వేలాది పాత ఖాచ్‌కార్లు 1998–2005 మధ్య ధ్వంసమయ్యాయి. అందుకే కొత్తగా నిలిపే ప్రతి రాయినీ ఆర్మేనియన్లు పోయినదానికి బదులుగానే చూస్తారు.

ఫిబ్రవరి 28కి రెండు రోజుల ముందు, 26న, అజర్‌బైజాన్ కరబాఖ్‌లోని ఖోజాలీ పట్టణ మృతులను స్మరిస్తుంది. 1992లో ఆర్మేనియన్ దళాలు ఆ పట్టణాన్ని పట్టుకున్న రాత్రి పారిపోతున్న పౌరులు వందల్లో చనిపోయారు. బాకూ అధికారిక లెక్క 613. ఒకే వారంలో రెండు రాజధానుల్లో రెండు సంతాపాలు నడుస్తాయి, ఒకదానిలో రెండోదాని ప్రస్తావన ఉండదు. తమ మృతులను తలచుకోవడానికి అవతలివాళ్ల మృతులను కాదనాల్సిన అవసరం లేదు. కానీ రెండు వైపులా అధికార యంత్రాంగం సంస్మరణను అలాగే తీర్చిదిద్దింది.

‘గుర్తింపు’ ఏం చేస్తుంది, ఏం చెయ్యదు

ఏటా ఏప్రిల్‌లో వార్తల్లో వచ్చే గందరగోళం దీనిగురించే. 1965లో ఉరుగ్వే మొదటగా 1915 ఘటనలను అధికారికంగా గుర్తించింది. 2001లో ఫ్రాన్స్ ఒక్క వాక్యంతో చట్టం చేసింది. జర్మన్ పార్లమెంటు 2016 జూన్‌లో, అమెరికా ప్రతినిధుల సభ 2019 అక్టోబర్‌లో 405–11 ఓట్లతో, సెనేట్ అదే డిసెంబర్‌లో తీర్మానించాయి. 2021 ఏప్రిల్ 24న అమెరికా అధ్యక్షుడు బైడెన్ తన ప్రకటనలో జాతిహననం అన్న మాట వాడారు. నేడు ముప్పైకి పైగా దేశాలు ఈ జాబితాలో ఉన్నాయి.

ఈ తీర్మానాలేవీ టర్కీపై చట్టపరమైన బాధ్యత మోపవు. జాతిహనన ఒడంబడిక 1951లో అమల్లోకి వచ్చింది, వెనకటి తేదీలకు దాన్ని వర్తింపజెయ్యడం కష్టం. మరి టర్కీ ప్రతిసారీ రాయబారిని వెనక్కి పిలవడం దాకా ఎందుకు వెళ్తుంది? ఒకటి, ఆస్తుల పరిహారం డిమాండ్లకు నైతిక బలం పెరుగుతుందన్న భయం. రెండు, టర్కీ గణతంత్రాన్ని నిలబెట్టినవారిలో కొందరు ఆ పాత యంత్రాంగంలోంచే వచ్చారు. అంకారా అధికారిక వైఖరి ప్రకారం అవి యుద్ధకాలపు మరణాలు, ఇరువైపులా జరిగాయి, చరిత్రకారుల ఉమ్మడి సంఘం తేల్చాలి. ఆర్మేనియా, టర్కీల మధ్య కుదిరిన 2009 జ్యూరిక్ ఒప్పంద పత్రాల్లో అలాంటి ఉపసంఘం ప్రతిపాదన ఉంది. ఏ పార్లమెంటూ ఆమోదించకపోవడంతో 2018లో ఆర్మేనియా వాటిని రద్దు చేసుకుంది.

నిరాకరణను నేరంగా చెయ్యడం వేరే దారి, అది రెండు ముఖ్యమైన కేసుల్లో నిలవలేదు. ఫ్రాన్స్ చేసిన చట్టాన్ని 2012 ఫిబ్రవరిలో అక్కడి రాజ్యాంగ మండలి కొట్టేసింది. స్విట్జర్లాండ్‌లో శిక్షపడిన టర్కీ రాజకీయ నేత పెరిన్‌చెక్ కేసులో యూరోపియన్ మానవ హక్కుల కోర్టు 2015లో 10–7 మెజారిటీతో భావప్రకటనా స్వేచ్ఛకు భంగం కలిగిందని తీర్పిచ్చింది. 1915లో జరిగింది జాతిహననం కాదని ఆ తీర్పు చెప్పలేదు, ఆ ప్రశ్నను తేల్చే పని తనది కాదంది. తీర్పును వక్రీకరించి ప్రచారం చేసేవాళ్లు వదిలేసేది సరిగ్గా ఈ భాగాన్నే.

టర్కీలోనూ గొంతులున్నాయి. ఇస్తాంబుల్ ఆర్మేనియన్ పాత్రికేయుడు హ్రాంట్ డింక్ 2007 జనవరి 19న తన పత్రికా కార్యాలయం ముందు హత్యకు గురైతే అంత్యక్రియలకు వేలాది టర్కులు కదిలొచ్చారు. 2010 నుంచి కొన్నేళ్లు ఇస్తాంబుల్‌లో ఏప్రిల్ 24న బహిరంగ సంస్మరణలు జరిగాయి. ఇటీవలి సంవత్సరాల్లో గవర్నర్ కార్యాలయం వాటికి అనుమతి నిరాకరించింది.

భారత్ ఎక్కడ నిలుస్తుంది

భారత్ 1959లోనే జాతిహనన ఒడంబడికను ఆమోదించింది. 1915 ఘటనలను మాత్రం అధికారికంగా గుర్తించలేదు. 2017 ఏప్రిల్‌లో నాటి ఉపరాష్ట్రపతి హమీద్ అన్సారీ యెరెవాన్ పర్యటనలో సిట్సెర్నకబెర్డ్ వద్ద పుష్పాంజలి ఘటించారు. మన దేశంలోని ఆర్మేనియన్లు చాలావరకు జాతిహననం నుంచి పారిపోయి వచ్చినవాళ్లు కాదు, అంతకు శతాబ్దాల ముందే పర్షియా దారిలో వచ్చిన వర్తకులు. మచిలీపట్నం వాళ్ల వ్యాపార కేంద్రాల్లో ఒకటి. హైదరాబాద్ ఉప్పుగూడలో 17వ శతాబ్దపు ఆర్మేనియన్ సమాధులు నేటికీ ఉన్నాయి. ప్రపంచంలో తొలి ఆర్మేనియన్ భాషా పత్రిక 1794లో మద్రాసులోనే అచ్చయింది.

ముందున్నది

2023 సెప్టెంబర్‌లో అజర్‌బైజాన్ సైనిక చర్య తర్వాత లక్షకు పైగా ఆర్మేనియన్లు కొద్ది రోజుల్లోనే కరబాఖ్ విడిచారు. వాళ్ల ఊరి సమాధులు, చర్చిలు ఇప్పుడు సరిహద్దు అవతల ఉన్నాయి. ఆర్మేనియన్ వారసత్వ కట్టడాల ధ్వంసాన్ని అడ్డుకోవాలని అంతర్జాతీయ న్యాయస్థానం 2021 డిసెంబర్‌లోనే అజర్‌బైజాన్‌ను ఆదేశించింది. అయితే 2025 ఆగస్టు 8న వాషింగ్టన్‌లో ఇరుదేశాల విదేశాంగ మంత్రులు పొడి సంతకాలు చేసిన శాంతి ఒప్పంద పాఠంలో, పరస్పర అంతర్రాష్ట్ర కేసులను ఉపసంహరించుకోవాలన్న నిబంధన ఉంది. అది అమల్లోకి వస్తే న్యాయస్థానం నుంచి తీర్పు వచ్చే మరో దారి మూసుకుపోతుంది.

ఇంకో ముడి రాజ్యాంగంలో ఉంది. ఆర్మేనియా రాజ్యాంగ ప్రవేశిక 1990 ఆగస్టు 23 నాటి స్వాతంత్ర్య ప్రకటనను ప్రస్తావిస్తుంది. ఆ ప్రకటన కరబాఖ్‌తో పునరేకీకరణ నిర్ణయంపై ఆధారపడింది కాబట్టి ఆ ప్రస్తావన తీసెయ్యాలని బాకూ పట్టుబడుతోంది. అదే ప్రకటన 11వ అంశంలో 1915 జాతిహననానికి అంతర్జాతీయ గుర్తింపు సాధించే లక్ష్యం కూడా రాసి ఉంది. ఒకటి తొలగిస్తే రెండోదాని ఆధారం కూడా పోతుంది. కొత్త రాజ్యాంగం రాస్తే దాన్ని ప్రజాభిప్రాయ సేకరణకు పెట్టాలి. గుర్తింపు లక్ష్యాన్ని వేరే వాక్యంగా నిలుపుతారా లేదా అన్నది ఆ ముసాయిదాలో చూడాల్సిన మొదటి విషయం.